ఐదు కప్పుల కాఫీ

సౌదీలోని నజ్రాన్‌లో మా ఆసుపత్రి అంబులెన్సు ఎక్కువగా తిరిగేది ఊరి బయట ఖర్జూరం తోటలకే. అందులో నేను నర్సుని. నరసాపురం మనిషిని, నోరు గలదాన్ని, ఎక్కడికెళ్ళినా నెగ్గుకొస్తానని నా మీద నాకు గొప్ప నమ్మకం. వచ్చిన మూడో నెలలోనే ఆ నమ్మకాన్ని ఒక కాఫీ కప్పు కడిగి పారేసింది.

ఒక తోటలో పెద్దాయనకి గుండెల్లో నొప్పి అని పిలుపొచ్చింది. ఇసుకలో స్ట్రెచర్ చక్రాలు కదలవు కనుక, మా కరీంనగర్ డ్రైవరు బండిని వెనక గేటు వైపు తిప్పుకొస్తానని వెళ్ళాడు. నేను మందుల పెట్టె పట్టుకుని లోపలికి నడిచాను. ముసలాయన పరుపు మీద దిండ్లకి ఆనుకుని, చెమటతో తడిసిపోయి ఉన్నాడు. మాత్ర వేశాను, బీపీ చూశాను, ఆసుపత్రికి పోదాం లెమ్మన్నాను. ఆయన తల అడ్డంగా తిప్పి కొడుకు వైపు చూశాడు. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ పొయ్యందే తాను కదలడట.

సరే, తొందరగా తాగేస్తే తొందరగా బయల్దేరతాం కదా అనుకున్నాను. చెవి లేని బుల్లి కప్పు, అడుగున కాసిని యాలకుల కాఫీ. గుటుక్కున మింగి కప్పు చాచాను. కొడుకు మళ్ళీ పోశాడు. మళ్ళీ మింగాను. మళ్ళీ పోశాడు. నా వేగం చూసి, ఈవిడ కాఫీ మొహం చూసి ఎన్నాళ్ళయిందో పాపం అనుకుని ఉంటారు. ఐదో కప్పుకి ఆయన గుండె కంటే నా గుండే ఎక్కువ కొట్టుకుంటోంది. నిజంగానే భయం వేసింది. ఎదురుగా మనిషి ప్రాణం మీదికొస్తుంటే నేను కూర్చుని కాఫీ తాగుతున్నాను.

అప్పుడాయన కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళతో కప్పు పట్టుకున్నట్టు పట్టి, అటూ ఇటూ ఆడించాడు. వణుకు మొదలైందనుకుని ఒక్క ఉదుటున వెళ్ళి నాడి పట్టుకున్నాను. అంత నొప్పిలోనూ ఆయన నవ్వాడు. గుమ్మంలోకి వచ్చిన డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు.

“కప్పు ఊపాలె అక్కా. ఊపితే చాలన్నట్టు. ఊపకుంటే పొద్దుమీకేదాక పోస్తనే ఉంటరు.”

ఊపాను. ఆయన మారుమాట లేకుండా స్ట్రెచర్ ఎక్కాడు, బతికాడు కూడా. ఆ తర్వాత ఆసుపత్రిలో నాకు టీ ఇచ్చిన ప్రతివాళ్ళూ నేను కప్పు ఎప్పుడు ఊపుతానా అని చూసేవాళ్ళు. ఆయన బీపీ చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఒక్క కప్పు పోయించి, నేను ఊపగానే పళ్ళు లేని నోటితో నవ్వేవాడు. ఆ నవ్వు కోసం కాస్త ఎక్కువే ఊపేదాన్ని.

పోయిన చలికాలం అదే ఇంటి నుంచి మళ్ళీ పిలుపొచ్చింది. ఈసారి ఒక్క కప్పుతో తేల్చేస్తానని దారి పొడుగునా డ్రైవరు దగ్గర బడాయి పోయాను. తీరా వెళ్తే నాకు కాఫీ ఎవరూ పొయ్యలేదు. ఆయన కూడా పొయ్యమనలేదు. బడాయి మరిచి, స్ట్రెచర్ తెమ్మని డ్రైవరుని కేకేశాను.

బండిలో ఆక్సిజన్ మాస్కు పెట్టబోతుంటే ఆయన కుడిచెయ్యి లేచింది. వేళ్ళతో కప్పు పట్టుకున్నట్టు పట్టి, మెల్లగా అటూ ఇటూ ఊపాడు. ఈసారి నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. అయినా ఏమీ తెలియనిదానిలా ఆ చెయ్యి అందుకుని, ఆసుపత్రి దాకా నాడి చూస్తూ కూర్చున్నాను.