ఎనిమిది గంటలు మరిచిపోని యాప్

2016లో నేను పటాన్‌చెరులో టైర్ల దుకాణం పైన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాడిని. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి మొబైల్ యాప్ రాసిచ్చాను. ల్యాబ్ కెమిస్ట్ వ్యర్థజలాల తొట్టి దగ్గర నిలబడి రీడింగ్ కొడితే, అది ఎన్‌క్రిప్షన్ కీతో తాళం పడి ల్యాబ్ ఫోన్‌లో ఉంటుంది. ఆ కీ పనిచేయాలంటే పాస్‌ఫ్రేజ్ కావాలి, అంటే పాస్‌వర్డ్‌లా ఒక్క మాట కాదు, పూర్తి వాక్యం. దాన్ని యాప్ కాసేపు గుర్తుంచుకోవడాన్ని క్యాషింగ్ అంటారు. నేను ఐదు నిమిషాలు పెట్టాను.

ఉదయం షిఫ్ట్ కెమిస్ట్ సునీతది కొండాపూర్. వాళ్లింట్లో నెలజీతం ఆమె ఒక్కతిదే.

"సార్, మాటిమాటికి గ్లౌజులు ఇప్పి గంత పొడుగు కొట్టాలంటే పరేషానైతుంది. జెర సూడుండ్రి."

"ఎంతసేపు ఉండాలె మేడం?"

"షిఫ్ట్ అయ్యేదాంక ఉంటే సాలు."

అక్కడే కూర్చుని ఎనిమిది గంటలు చేసేశాను. ఎక్కడా రాసిపెట్టలేదు. ఆమె టీ తెప్పిస్తే ఉబ్బిపోయాను కూడా. షిఫ్ట్ ఆరింటికి మొదలైనా పాస్‌ఫ్రేజ్ కొట్టి మొదటి రీడింగ్ ఎక్కించేది తొమ్మిదింటికని నాకు తట్టలేదు. రెండింటికి కంపెనీ బస్సు హారన్ కొట్టగానే ఆమె ల్యాబ్ ఫోన్‌ను అక్కడే చార్జింగ్‌కి పెట్టి పరుగెత్తేది. ఐదింటి దాకా తాళం తెరిచే ఉండేది.

ఒకరోజు మూడున్నరకు ఎవరో ఆమె పేరు మీదే చెడ్డ రీడింగ్‌ను మంచి రీడింగ్‌గా మార్చారు. ఆ నీళ్లు నాలాలోకి వదిలారు. ఊళ్లవాళ్లు గేటు దగ్గర ధర్నాకు కూర్చున్నారు. అప్పటికి సునీత బస్సులో ఉంది కాబట్టి, పాస్‌ఫ్రేజ్ ఎవరికో చెప్పిందన్నారు.

విచారణలో మేనేజర్ నన్నడిగాడు. "పాస్‌ఫ్రేజ్ తెల్వకుంట వేరేటోళ్లు తెరవొచ్చా?"

"తెరవలేరు సార్," అన్నాను. కాంట్రాక్టు పోతుందని భయం.

"మా ఇంట్ల గూడ చెప్పలే సార్," అంది సునీత. మేనేజర్‌తో అంటూనే నా వైపు చూసింది.

ఆమెను తీసేశారు. లెక్క తేల్చుకోవడానికి వచ్చినరోజు గేటు దగ్గర ఎదురైంది.

"సార్, యాడన్న రాసిపెట్టి మరిచిన్నేమోనని ఇల్లంత ఎతికిన. చీటీ దొరకలే. రాసే ఉంటనా?"

"కావచ్చు మేడం," అన్నాను.

సిగ్గుపడాల్సినవి ఎన్నో చేశాను కానీ, ఈ రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది. మర్నాడు యాప్‌ను మళ్లీ ఐదు నిమిషాలకు మార్చి, మార్పుల పుస్తకంలో 'చిన్న సవరణ' అని రాశాను.

ఇప్పుడు ఎవరైనా సౌకర్యం కోసం తాళం వదులు చేయమంటే, ఎంతసేపు తెరిచి ఉంటుందో, ఎవరి మీదికి వస్తుందో ముందే కాగితం మీద రాసి చూపిస్తాను. ఆ కేసు నేర్పింది అదే. సునీతకు మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు. ఆ చీటీ ఎక్కడా లేదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఆమె వెతకడం మానేసిందో లేదో నాకు తెలియదు.