కోడి ఈక పరీక్ష

దొరల కాలంలో, అరకు కొండల్లో మాకు చర్మరోగాలు పోల్చుకోవడం నేర్పిన పెద్ద కాంపౌండరు గారు చందమామ మచ్చను చూసి కూడా "ఎన్నాళ్లనుంచి?" అని ఆరా తీసే మనిషి. "రోగి నోరు నమ్మకండర్రా" అనేవారు.

ఒక గూడెంలో పదేళ్ల పిల్ల వీపు మీద తెల్లమచ్చ లేచింది. కుష్టయితే పిల్లను ఊరి బయట పాకలో పెట్టాల్సిందేనని గూడెం పెద్ద పట్టుబట్టాడు. కుష్టు మచ్చకు స్పర్శ తెలియదు. అందుకని కాంపౌండరు గారు పిల్ల కళ్లకు గుడ్డ కట్టి మచ్చను కోడి ఈకతో తాకారు.

"తగిలిందేటి?"

"తగిలింది బాబూ!"

ఈక తాకించకుండానే మళ్లీ అడిగారు.

"తగిలింది బాబూ!"

ఆయన తల్లివైపు తిరిగారు. "నువ్వే నేర్పినావు కదేటి?"

"గుంటని ఎల్లగొట్టేత్తారని బయమేసింది బాబూ" అని తల్లి ఏడ్చింది.

పరీక్ష అయిపోయిందంటూ ఆయన కట్టు విప్పి, పిల్లకు అంబలి ఇప్పించారు. అది తాగుతుండగా దొంగలా వెనక చేరి ఈక ఆనించారు. పిల్ల చటుక్కున మచ్చ మీదే కొట్టుకుంది. "అమ్మా, ఈగ!"

"కుష్టు కాదు, శోభి మచ్చే. గంధకం మలాం రాయమ్మా" అన్నారాయన.

తల్లి కళ్లు తుడుచుకుని మలాం వాసన చూసింది. "ముందు నీ సేతికి రాసుకో బాబూ, సూత్తాను."

ఆయన చొక్కా చేయి పైకి మడిచారు.