మూడు నిలువుల కోటగోడ

మా తాతయ్య గడ్డం మీద ఒక మచ్చ ఉండేది. చిన్నప్పుడు కొల్లేటికోటలో మూడు నిలువుల కోటగోడ మీంచి పడ్డాడట. గడ్డం గీసుకున్నప్పుడల్లా ఆ కథ చెప్పేవాడు. ఆయన పోయిన ఏడాదికి, ఆ గోడ చూద్దామని ఏలూరు నుంచి పొద్దున్నే బయల్దేరాను. పడవలో దాటి లంకంతా తిరిగినా గోడ కనబడలేదు. తాతయ్య మాట మీద మొదటిసారి అనుమానం వచ్చింది.

ఒక ఇంటి ముందు చేపలు ఎండబెడుతున్న మామ్మగారిని అడిగాను. ఆవిడ బట్టలుతుక్కునే మెట్టు చూపించారు. మోకాలెత్తు పాత ఇటుకల వరస.

"ఇదేనండీ కోటగోడ."

"మూడు నిలువులుంటుందని మా తాతయ్య చెప్పేవారండీ."

నవ్వుతారనుకున్నాను. ఆవిడ గోడను ఒకసారి, నన్ను ఒకసారి చూశారు.

"పెద్దాయన అబద్ధమెందుకు చెబుతారు బాబూ? కొల్లేటి నేల కదండీ, దిగబడిపోయుంటుంది."

మెట్టెక్కి అవతలికి దూకాను. చీలమండల దాకా బురదలో దిగబడ్డాను. ఆధారం దొరికింది. మామ్మగారు నవ్వాపుకుంటూ చెంబుతో నా కాళ్ళ మీద నీళ్ళు పోశారు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకు ఆ కథ నేను చెబుతున్నాను. వాళ్ళు నమ్మాలి కదా, గోడను రెండు నిలువులకు తగ్గించాను.