ఆరాధనలో బ్లాక్ కార్డ్

న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మా పక్కింటాయన ఐర్లండ్ నుంచి వచ్చిన పెద్దమనిషి. వారాంతాల్లో పిల్లలకు వాళ్ల దేశపు ఫుట్‌బాల్ నేర్పేవాడు. అందులో బంతిని చేత్తోనూ పట్టుకోవచ్చు, కాలితోనూ తన్నవచ్చు. గోల్‌పోస్టుల మధ్యనుంచి అడ్డకర్ర మీదుగా పోయినా పాయింటే. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. ఆ జట్టులో గోల్ కాసేది అదే. “మీ పాప ఆడేది వాలీబాలా, సాకరా?” అని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఎవరైనా అడిగితే, “రెండూనండీ” అనేసేదాన్ని.

2014లో ఆ ఆటలోకి బ్లాక్ కార్డ్ వచ్చింది. ఎదుటివాణ్ణి కావాలని లాగి పడేసినవాడికి ఎల్లో కార్డ్ చూపించి హెచ్చరించి వదిలేయరు. నల్ల కార్డు చూపించి బయటికి పంపేస్తారు. వాడి బదులు ఇంకొకడు లోపలికి వస్తాడు. మా పిల్లల ఆటలో ఈ రూల్ లేకపోయినా, టీవీలో పెద్దల ఆట చూసి పక్కింటాయన రోజూ మండిపడేవాడు.

“మా నాన్న పళ్లు రాలగొట్టుకుని ఆడాడు. ఇప్పుడు చొక్కా లాగితే ఇంటికి పొమ్మంటారా?” అన్నాడొకసారి మైదానం పక్కన.

“తెలిసి చేసిన తప్పుకు శిక్ష ఉండాలి కదండీ” అన్నాను.

“తెలిసి చేశాడని రిఫరీకి ఎలా తెలుస్తుంది, సిస్టర్?” సంఘంలో నన్ను అందరూ అలా పిలవడం విని, ఆయనా ఆ పిలుపు నేర్చుకున్నాడు. “మీ దేవుడు విజిల్ పట్టుకుని దిగుతాడా?”

“మీకూ ఆయనే దేవుడు” అన్నాను. ఆయన పకపకా నవ్వాడు.

అంతవరకూ అది సరదా. ఆ సీజన్‌లో ఆఖరి ఆట ఆదివారం రెండు గంటలకని తేలాక నాకు చిక్కొచ్చి పడింది. మేము ఒక అమెరికన్ చర్చిని అద్దెకు తీసుకుని, వాళ్ల ఆరాధన అయ్యాక పదకొండున్నరకు మొదలుపెడతాం. ముగింపు మాత్రం పరిశుద్ధాత్మ చిత్తం, మా డాక్టరుగారి ఓపిక. ఆయన సంఘానికి మొదటి పెద్ద, ఎన్నో ఏళ్ల క్రితమే వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ సర్జన్. చివరి మాటా, ఆశీర్వాద ప్రార్థనా ఆయనవే. ఆశీర్వాదం కాకముందు లేవకూడదని మా అమ్మ నేర్పింది. ఒంట్లో బాగోలేనప్పుడు కూడా నేను లేవలేదు.

“మమ్మీ, నేను రాకపోతే గోల్‌లో ఎవ్వరూ లేరు” అంది మా అమ్మాయి. దానికి ఏడుపు ఒక్కటే తక్కువ.

శనివారం సంఘ కమిటీలో డాక్టరుగారిని అడిగాను. “అంకుల్, ఈ ఒక్క వారం ఒంటిగంటకు ముగిద్దామా?”

“ఎందుకమ్మా? మా నాన్నగారి రోజుల్లో సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం. ఇప్పుడు గడియారం చూసి దేవుణ్ణి పంపించేస్తామా?”

అచ్చం పక్కింటాయన మాటలే. నాకు నవ్వాగలేదు. “ఏంటమ్మా నవ్వుతున్నావు?” అన్నారు. బ్లాక్ కార్డ్ సంగతి చెప్పాల్సి వచ్చింది.

ఇక చూడాలి. ఆటంటే ఏమిటో తెలియని నలుగురు పెద్దలు ఆ రూల్‌ను పట్టుకుని కూర్చున్నారు.

“తెలియక చేసిన పాపం వేరు, తెలిసి చేసినది వేరు. వాక్యంలో క్లియర్‌గా ఉంది” అన్నారు సెక్రటరీ బ్రదర్.

“హృదయాన్ని చూసేది దేవుడొక్కడే బ్రదర్. రిఫరీ ఎవరండీ జడ్జ్ చేయడానికి?” అన్నారు ఖజానా చూసే బ్రదర్.

డాక్టరుగారు మాత్రం కళ్లజోడు తీసి నా వైపు చూశారు. “ఆగండాగండి. తప్పు చేసినవాడి బదులు ఇంకొకడు లోపలికి వస్తాడా?”

“అవునంకుల్.”

“బదులుగా! అమ్మా, సువార్త అంటే అదే కదా!”

ఆయన ముఖం వెలిగిపోయింది. ఒంటిగంట మాట అందరూ మరిచిపోయారు.

మర్నాడు అమ్మాయి గౌను కింద జెర్సీ వేసుకునే వచ్చింది. దాన్ని తీసుకెళ్లడానికి పక్కింటాయన ఒంటిగంటకు వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు చివరి మాటకు లేచి, బ్లాక్ కార్డ్ మీద ప్రసంగం ఎత్తుకున్నారు. నిజం చెప్పాలంటే చాలా మంచి ప్రసంగం. మనం చేసింది తెలిసి చేసిన తప్పేననీ, మన బదులు ఒకరు దిగి వచ్చారనీ ఆయన చెబుతుంటే నా కళ్లు చెమర్చాయి. అదే కళ్లతో గడియారమూ చూస్తున్నాను. ఒంటిగంటా పావు దాటింది. మైదానానికి అరగంట డ్రైవ్. అమ్మాయి నా చెయ్యి నొక్కుతూనే ఉంది.

పక్కింటాయనకు తెలుగు ముక్క రాదు. ‘బ్లాక్ కార్డ్’ అన్న మాట మాత్రం పదే పదే చెవిన పడుతోంది. పడ్డప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు. ఒకటిన్నర కావస్తుండగా, తన ముందున్న బల్ల మీది నల్ల అట్ట పాటల పుస్తకం తీసుకుని మెల్లగా లేచాడు. దాన్ని నిటారుగా పైకెత్తి డాక్టరుగారికి చూపించాడు. రెండో చేత్తో తలుపు వైపు సైగ చేశాడు.

సంఘమంతా బిగుసుకుపోయింది. డాక్టరుగారు ప్రసంగం ఆపి, ఆ పుస్తకాన్నీ, మా అమ్మాయి గౌను కింద నుంచి తొంగిచూస్తున్న జెర్సీనీ చూశారు. గొల్లున నవ్వారు. “నన్ను పంపించేశాడయ్యా! ఇక సబ్‌స్టిట్యూట్ కావాలి కదా. రామ్మా, ఆశీర్వాదం నువ్వు చెప్పు” అని మా అమ్మాయిని పిలిచారు.

అది పరుగెత్తుకెళ్లి, అమెరికా యాసలో, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. మా సంఘంలో అంత పొట్టి ఆశీర్వాదం అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. అందరం ఆమేన్ అన్నాం. నేను ఆ తర్వాతే లేచాను.

కారులో అడిగాను. “ఇప్పుడు ఆ రూల్ బాగుందంటారా?”

“చర్చిలో బాగుంది. ఆటలో వద్దు” అన్నాడు పక్కింటాయన.

విజిల్ పడేసరికి అమ్మాయి గోల్‌లో నిలబడింది. గౌను నా ఒళ్లో ఉంది.

తర్వాతి ఆదివారం డాక్టరుగారు నన్ను తలుపు దగ్గరే ఆపారు. “ప్రసంగం లాగడం నేను కావాలని చేసింది కాదమ్మా. మీ పక్కింటి రిఫరీకి చెప్పు, నాకు ఎల్లో కార్డే ఇవ్వాల్సిందని.”