సైటుకు జవాబు చెప్పిన గోడ

గల్ఫులో, దోహాకు దగ్గర్లోని అల్ ఖోర్‌లో గ్యాస్ ఉద్యోగుల కుటుంబాల కోసం మా కంపెనీ ఒక చిన్న భవనం కడుతోంది. పెద్దలకు చదువుకునే గది, పిల్లలకు ఆడుకునే గది, రెంటి మధ్య పైకప్పు లేని వాకిలి. ప్లాను గీసినావిడది మెక్సికో. కంపెనీ పత్రికలో ఒక పేజీ రాయమని నన్ను పంపారు. పేజీ శీర్షిక 'ఆధునిక హంగులు' అని పైవాళ్ళు ముందే ఖాయం చేశారు. గురువారం వెళ్ళి చూస్తే హంగులేమీ లేవు. విడిగా నిలబెట్టిన గోడ ఒకటుంది.

"మొదటి వారం ఒక్క గీత గియ్యలేదండీ గురువుగారూ," అన్నాడు సైట్ ఇంజనీరు. అతనిది భీమవరం. "కుర్చీ వేసుక్కూర్చుని గాలి ఎటునుంచి వస్తుందో చూసిందావిడ. గాలి చూడ్డానికి మెక్సికో నుంచి మనిషిని దింపాలాండీ? మా నాన్నగారిని పిలిస్తే అరుగు మీద కూర్చుని చెప్పేవారు."

ఆవిడకు ఆ మాట అర్థం కాకపోయినా తన గురించేనని తెలిసింది. టీ గ్లాసుతోనే నన్ను సైటంతా తిప్పింది. వాళ్ళ దేశంలో ఇప్పుడు కట్టేవాళ్ళలో చాలామంది ముందు చోటునే చూస్తారట. నల్లటి అగ్నిపర్వత రాయి ఉన్నచోట ఆ రాయిని పగలగొట్టకుండా దాని చుట్టూ ఇల్లు అల్లుతారట. వేడి ప్రాంతాల్లో ఒక చెట్టు బెరడు నానబెట్టిన నీళ్ళు సున్నంలో కలిపి గోడలకు పూస్తారట. దానికి ఇంజనీరు, "మా వైపు కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపేవారండీ. తర్వాత సిమెంటొచ్చింది, బెల్లం తినడానికి మిగిలింది," అన్నాడు.

ఇక్కడ ఆవిడ చేసింది కూడా అదే. పునాది తవ్వితే వచ్చిన లేత పసుపు రాయిని కంకర కొట్టించి కాంక్రీటులో కలిపించింది. గోడ గట్టిపడ్డాక పైపొరను ఉలితో చెక్కించింది. లోపలి రాయి బయటపడింది, గరుకు మీద చిన్నచిన్న నీడలు నిలిచాయి. అయితే భవనం యజమానులకు దోహా వెస్ట్ బేలో పెద్ద మేడలకు ఉన్నట్టు అద్దాలు కావాలి. ఆవిడ బతిమాలితే ఒక్క నమూనా గోడ చూస్తామన్నారు. ఆదివారం వస్తారు. నచ్చితే ఆవిడ భవనం, నచ్చకపోతే అద్దాల భవనం. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ టీ తాగలేదు.

గోడ చెక్కిన మేస్త్రీది జగిత్యాల వైపు. వెళ్ళేముందు ఆవిడ అతనికి ఇంగ్లీషులో చాలాసేపు ఏదో చెప్పింది. ఇంజనీరు దాన్ని ఒక్క ముక్కలో తేల్చాడు.

"మేస్త్రీ, ఆదివారం ఈ గోడ సైటుకు జవాబు చెప్పాలంట."

చోటుకు తగ్గట్టు ఉండాలన్నది ఆవిడ భావం. శీర్షికకు పనికొస్తుందని నేను ఆ వాక్యం రాసుకున్నాను. మేస్త్రీ మొహం మాత్రం మాడిపోయింది. అతనికి సైటంటే సైటాఫీసు. అక్కడ జవాబు చెప్పడానికి ఎవరినైనా పిలిచారంటే ఏదో చెడిందనే.

ఆదివారం పొద్దున ఆవిడ కారులోనే దోహా నుంచి వెళ్ళాను. గోడ దగ్గర కారు ఆపి, దిగకుండా అలాగే కూర్చుంది. గోడలో ఎడమ సగం తాను చెక్కించినట్టే ఉంది. కుడి సగం పైన పూత పూసి తెల్లగా, నున్నగా, మొహం చూసుకునేలా ఉంది. మేస్త్రీ, అతని మనుషులు ఇద్దరు ఉతికిన డ్యూటీ బట్టలు వేసుకుని పక్కన నిలబడ్డారు.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు ఇంజనీరు.

"గోడ జవాబ్ చెప్పాలెనంటిరి గద సార్. గట్ల గుంతలు గుంతలుంటే ఏం చెప్తది? శుక్కురారం సుట్టీల వచ్చి గిలాబు చేసినం. సామాన్ ఖతమైంది, లేకుంటే అటు సైడు గూడ చేస్తుంటిమి."

"సామాను అయిపోవడం మన అదృష్టం," అన్నాడు ఇంజనీరు. ఆవిడకు మాత్రం అదృష్టం అన్న మాట తీసేసి మిగతాదంతా చెప్పాడు. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంది. చెరిపేయడానికి వేళ లేదు, యజమానుల కారు లోపలికి వస్తోంది.

వచ్చినాయన పొడుగాటి తెల్ల అంగీ వేసుకున్న పెద్దమనిషి. ఆయన ముందు నున్నటి సగం వైపు వెళ్ళాడు. అప్పటికే ఎండ దాని మీద పడి తిరిగి ఆయన కళ్ళలో కొడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు, చెక్కిన సగం దగ్గరికి జరిగాడు. అక్కడ కళ్ళు పూర్తిగా తెరిచాడు. అరచేత్తో గోడను రుద్దాడు. చిన్నప్పుడు అల్ ఖోర్‌లో తాము ఉన్న ఇంటి గోడ చేతికి ఇలాగే తగిలేదన్నాడు. తర్వాత తన అరచెయ్యి చూసుకున్నాడు. గీరుకుంది.

"బయటంతా ఇది," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "లోపల నీడలో పిల్లలు ఆనుకునే చోట ఆ నున్నటిది. రెండూ చూపించావు, మంచి తెలివి. యల్లా, మొదలుపెట్టండి."

తెలివి తనది కాదని చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది. ఆయన కారెక్కాక మూసింది. ఆవిడ గీసిన ప్లానులో నున్నటి గోడ లేదు. ఇప్పుడుంది. అద్దాల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

"సార్, మరి నన్నేం అడగలే?" అన్నాడు మేస్త్రీ.

"లేదు. గోడే చెప్పేసింది."

"మరి మాఫీయేనా?"

మాఫీ అంటే గల్ఫు అరబ్బీలో 'లేదు' అని, మనకు 'క్షమించారు' అని. ఇంజనీరు రెండిట్లో దేనికో తలూపాడు.

మధ్యాహ్నం తిండి వేళకు మేస్త్రీ ఇంటికి వీడియో కాల్ చేశాడు. భార్యకు ఫోన్లో గోడ చూపించాడు, ముందు నున్నటి సగం.

"దుబాయ్ల గోడలు మంచిగనే కడ్తరు," అంది ఆమె. ఆమెకు గల్ఫంతా దుబాయే. "ఆ పక్క సగం ఇంక పని కాలేదా?"

మేస్త్రీ అటు చూశాడు. ఆవిడ అక్కడ ఉలి గాట్ల మీద వేలు పెట్టి, నీడ ఎంత లోతుందో చూస్తోంది.

"అయిపోయింది," అన్నాడు. "అది మెక్సికోది. గట్లనే ఉంటది."