బోరు నీళ్ళు తాగిన కారు

నంద్యాల ఘాట్‌లో మా కారు ఆగిపోయిన రోజు అందులో ముగ్గురం ఉన్నాం. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన మా ఆయన, వెనక సీట్లో మా సంఘంలోని ఒక అవ్వ.

మా ఆయన పాస్టరు. గిద్దలూరు దగ్గర పల్లెలో చిన్న చర్చి, దాని వెనకే మా ఇల్లు. ఆయనకు డ్రైవింగ్ రాదు. నేర్పుదామని రెండుసార్లు ప్రయత్నించాను. ఎదురుగా లారీ కనిపిస్తే కళ్ళు మూసుకునే మనిషికి నేర్పకపోవడమే మేలని తేలింది. అందుకని ఆదివారాల్లో మూడు పల్లెల ఆరాధనలకు ఆయన్ని తిప్పేది నేనే. కారు మార్కాపురంలో ఒక రిటైర్డ్ డాక్టరుగారి దగ్గర కొన్నది. చిన్న తెల్ల కారు, వయసులో మా పెళ్ళికంటే పెద్దది. తలుపు వేసేటప్పుడు కొంచెం పైకెత్తి వేయాలి. అది తప్ప దాని మీద నాకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు.

అవ్వ జీవితమంతా మిరపకోతలకూ కందికోతలకూ పోయి బతికిన మనిషి. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. నంద్యాల ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తామన్నారు. బస్సెక్కితే అవ్వకు వాంతులు. ఘాట్ కింది దిగువమెట్ట దాటకముందే సగం ప్రాణం పోతుంది. "నేను తీసుకుపోతా" అని మాట ఇచ్చాను. ఆ రోజు ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షలకు బయలుదేరాం.

ఘాట్ సగం ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగదన్నింది. ఒక మలుపు దాటి, వెదురు పొద పక్కన బండి ఆపాను.

"ఏంది పాస్టరమ్మా, పొయ్యి మీద ఎసరు కాగినట్టు సప్పుడొస్తాంది?" అంది అవ్వ వెనకనుంచి. చూపు లేకపోయినా చెవులు చురుకే.

"అదే అవ్వా. ఎసరే కాగింది."

మా ఆయన దిగి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు. ఆయన మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను. ఆ మూత అప్పుడు తీస్తే మొహం కాలిపోతుంది. గంటసేపు ఆగి, మూత మీద తడిగుడ్డ వేసి మెల్లగా తిప్పి, మేము తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ పోశాను. ఇక పైకి ఎక్కించే ధైర్యం చేయలేదు. వెనక్కి తిప్పి ఇల్లు చేరాం. ఆసుపత్రికి ఫోన్ చేస్తే వచ్చే బుధవారం రమ్మన్నారు. ఆ రోజే పరీక్షలు చేసి, మరుసటి రోజే ఆపరేషన్ చేస్తామన్నారు. ఎనిమిది రోజులుంది.

మరునాడు గిద్దలూరులో మేమెప్పుడూ వెళ్ళే మెకానిక్ దగ్గరికి నెమ్మదిగా తీసుకుపోయాను. పెద్ద వయసు మనిషి, మంచివాడు. రేడియేటర్ మూత తీసి ఇంజను స్టార్ట్ చేశాడు. నీళ్ళలో బుడగలు లేచాయి. వెంటనే ఆపేశాడు.

"హెడ్డు గ్యాస్కెట్ పోయిందమ్మా. ఇంజను లోపలి గాలి నీళ్ళలోకి వస్తా ఉంది. హెడ్డు దించాల, లేతుకు పంపాల. ఇంత పాత బండికి ఆ ఖర్చు దండగ. నా మాట విని పాత ఇనుముకు ఇచ్చేయండి."

"వేరే కారణం ఉండదా అన్నా?"

"ముప్పై ఏండ్లుగా ఇదే పని చేస్తా ఉండా. నాకు తెలీదా?"

నేను వాదించలేదు. కానీ ఆయన బుడగలు తప్ప ఇంకేమీ చూడలేదని మాత్రం గమనించాను.

నేనెందుకు గమనించానో చెప్పాలి. మా నాయన రాచర్ల చుట్టుపక్కల ఊళ్ళలో బావుల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. సెలవుల్లో సైకిల్ వెనక కూర్చుని నేనూ పోయేదాన్ని. ఆయన ఏ ఇంజన్నీ చూడగానే విప్పేవాడు కాదు. ముందు నూనె చూసేవాడు, తర్వాత పొగ, తర్వాత నీళ్ళు, వాటిని వాసన కూడా చూసేవాడు. రైతు తొందరపెడితే, "విప్పడానికేముంది నాయనా, ఎవడైనా విప్పుతాడు" అనేవాడు. విప్పిన బోల్టులు గోనెపట్ట మీద వరసగా పెట్టేవాడు. ఆ వరస కలిపితే మాత్రం నాకు తిట్లు పడేవి.

ఇంటికి వచ్చి నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగాను. హెడ్డు కింద నీళ్ళనూ ఆయిల్‌నూ వేరుగా ఉంచే పట్టీ ఆ గ్యాస్కెట్, అది పోయి నీళ్ళు కలిస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా అవ్వాలి. నల్లగా, శుభ్రంగా ఉంది. రేడియేటర్ నీళ్ళ మీద నూనె తెట్టె లేదు. సైలెన్సర్‌లోంచి తెల్లపొగ రావడం లేదు. ఇక బుడగలంటారా, ఘాట్ మీద నేను ఖాళీ రేడియేటర్‌లో పైపైన నీళ్ళు పోశాను కదా, లోపల ఇరుక్కున్న గాలికి ఏదో ఒక దారి కావాలి.

మర్నాడు పొద్దున చల్లని ఇంజను స్టార్ట్ చేసి, రేడియేటర్‌కు పైన వచ్చే రబ్బరు గొట్టం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ముల్లు సగం దాటింది. ఇంజను దగ్గర సెగ కొడుతోంది. నా చేతికింద గొట్టం మాత్రం గోరువెచ్చగా కూడా లేదు. ముల్లు ముప్పావు దాటగానే ఇంజను ఆపేశాను. అప్పటికి నాకు సంగతి అర్థమైంది. వేడినీళ్ళు ఇంజనులోంచి బయటికే రావడం లేదు. ఆ దారిలో థర్మోస్టాట్ అని ఒక చిన్న తలుపు లాంటిది ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే తెరుచుకోవాలి. అది తెరుచుకోవడం లేదు.

"దొరికింది" అన్నాను.

మా ఆయన చర్చి మెట్ల మీద కూర్చుని వాక్యం తయారుచేసుకుంటున్నాడు. "ఆయన ముప్పై ఏళ్ళ అనుభవం అన్నాడు కదా" అన్నాడు, తల ఎత్తకుండా.

"నా చెయ్యి అబద్ధం చెప్తుందా?"

ఆయన లేచి వచ్చి, తనూ గొట్టం పట్టుకుని చూశాడు. "చల్లగా ఉంది" అన్నాడు ఆశ్చర్యంగా. ఆ రోజునుంచి నా పక్షాన చేరాడు.

రేడియేటర్ నీళ్ళు బయటికి వదిలితే తుప్పు రంగు బురద వచ్చింది. దానిలో తెల్లటి పెచ్చులు. ఆ పెచ్చులు నాకు బాగా తెలుసు. స్నానాలకు నీళ్ళు కాచే గిన్నె అడుగున రోజూ గీకుతున్నవే. మా ప్రాంతం బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, తాగడానికి అందరం క్యాను నీళ్ళే కొనుక్కుంటాం.

"ఈ కారుకు బోరు నీళ్ళు ఎవరు పోశారు?" అని అడిగాను.

మా ఆయన చెయ్యెత్తాడు. "నేనే. ప్రతి శనివారం. నువ్వు ఇంత కష్టపడతావు, నేను ఆ మాత్రమైనా చూసుకోవద్దా అని..."

కోపం రావాల్సిందే, నవ్వొచ్చింది. కారు కొన్నప్పటినుంచీ, నాలుగేళ్ళుగా, నాకు తెలియకుండా, శ్రద్ధగా, చెంబుతో ఉప్పునీళ్ళు తాగించాడు. మేము తాగని నీళ్ళు దానికి పోశాం. తప్పు నాది కూడా. మూత తీసి చూడాల్సింది నేను.

పని చర్చి ఆవరణలోనే పెట్టుకున్నాను. పాత నైటీ మీద ఆయన చొక్కా వేసుకుని, తలకు తుండు చుట్టుకున్నాను. బోల్టులు పెట్టుకోవడానికి గోనెపట్ట బదులు కోడిగుడ్ల అట్ట తెచ్చాను, ఒక్కో గుంటలో ఒక్కో బోల్టు. గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. వాళ్ళలో ఒక పెద్దావిడ, "మొగోళ్ళు లేరా?" అని అడిగింది. "ఉన్నాడు, లోపల పప్పు రుబ్బుతున్నాడు" అన్నాను. నిజంగానే ఆ రోజు దోసెల పిండి ఆయనే రుబ్బాడు.

థర్మోస్టాట్ మూతకు రెండు బోల్టులు. మొదటిది వచ్చింది. రెండోదాన్ని తిప్పుతుంటే చేతికి మెత్తగా తగిలింది. వదులవుతోందని సంతోషించాను. టక్కుమని విరిగింది. తల నా పానాలో, మొండెం ఇంజనులో. ఆ పూట మళ్ళీ పానా ముట్టుకోలేదు. నిజం చెప్పాలంటే, ఆ ఎనిమిది రోజుల్లో నాకు భయం వేసింది ఆ ఒక్కసారే. మెకానిక్ మాట వినాల్సిందేమో, ఇక్కడితో నేనే బండిని చంపేశానేమో అనిపించింది.

సాయంత్రం లేతు దుకాణం ఆయనకు ఫోన్ చేశాను. బోర్లు వేసే బండ్ల పనిముట్లు అతికే మనిషి. మర్నాడు చిన్న వెల్డింగ్ మిషను మోటార్‌సైకిల్‌కు కట్టుకుని వచ్చాడు. మూత తీసి చూస్తే విరిగిన ముక్క గోరంత పైకి ఉంది.

"ఇంతుంటే చాలక్కా. బ్యాటరీ వైర్లు తీసినారా?"

"తీశాను."

"అయితే పని తెలిసినోళ్ళే."

ఆ ముక్క మీద ఒక నట్టు పెట్టి, మధ్యలో నిప్పు పోసినట్టు అతికాడు. ఎర్రగా కాలిన నట్టు నల్లబడేదాకా ఆగమన్నాడు. తర్వాత పానా నా చేతికిచ్చాడు.

"మీరే తిప్పండక్కా. బలం పెట్టొద్దు. ముందుకింత, వెనక్కింత."

ముందుకింత, వెనక్కింత. మొదట కిర్రుమంది, తర్వాత వదిలింది. పూర్తిగా బయటికొచ్చిన ఆ తుప్పు ముక్కను లేతు ఆయన ముందు పెట్టి నవ్వాను. విరిగేముందు నేనూ అలాగే చేసి ఉంటే విరిగేదే కాదు. అప్పటినుంచి తుప్పు బోల్టు ఏదైనా నూనె పోసి ఒక రాత్రి నానబెట్టందే ముట్టుకోను.

పాత థర్మోస్టాట్‌కు దారం కట్టి టీ గిన్నెలో వేలాడదీసి నీళ్ళు మరిగించాను. ఎంత మరిగినా తెరుచుకోలేదు. దానిచుట్టూ ఉప్పు గట్టిగా పేరుకుంది. మార్కాపురం వెళ్ళి కొత్తది అడిగితే స్పేర్ పార్టుల దుకాణం ఆయన, "అది ఎందుకమ్మా? అందరూ పీకి పడేస్తారు. అది లేకుండానే తిరుగుతాయి బండ్లు" అన్నాడు. బండి చేసినవాళ్ళు దాన్ని ఊరికే పెట్టి ఉండరు కదా అని తెచ్చుకున్నాను. దాన్నీ టీ గిన్నెలో ఉడకబెట్టాను. నీళ్ళు బాగా వేడెక్కగానే పువ్వు విచ్చినంత మెల్లగా తెరుచుకుంది. మా ఆయన్ని పిలిచి చూపించాను. ఇద్దరం పొయ్యి దగ్గర నిలబడి మూడుసార్లు చూశాం. ఆ గిన్నెను మళ్ళీ టీకి వాడలేదు.

రేడియేటర్ దించి, గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి నింపి, పూటపూటకూ మార్చాను. ఇత్తడి బిందె చింతపండుకు మెరిసినట్టే ఇదీ అని నా లెక్క. తర్వాత నీళ్ళ పైపు కిందిగొట్టానికి పెట్టి ఎదురు తోశాను. మొదటిరోజు ఎర్రబురద, రెండోరోజు పెచ్చులు, మూడోరోజు తేటనీళ్ళు. ఇంజను లోపలా అలాగే కడిగాను. అన్నీ మళ్ళీ బిగించి, క్యాను నీళ్ళలో తుప్పు పట్టనివ్వని పచ్చటి కూలెంట్ కలిపి పోశాను. మూత తీసే ఉంచి ఇంజను ఆడించాను. మొదట బుడగలు బాగా లేచాయి. మా ఆయన మొహం పాలిపోయింది. "ఆగు" అన్నాను. బుడగలు తగ్గాయి, ఆగిపోయాయి. నీళ్ళమట్టం కిందికి దిగితే ఇంకొంచెం పోశాను. పైగొట్టం పట్టుకుంటే ఈసారి చెయ్యి చురుక్కుమంది. ఇంకాసేపటికి ఫ్యాను దానంతట అదే తిరగడం మొదలుపెట్టింది.

అప్పటికి సోమవారం. మంగళవారం బేస్తవారిపేటదాకా వెళ్ళి వచ్చాను. ముల్లు సగం దాటలేదు.

బుధవారం పొద్దున్నే అవ్వ ఇంటి ముందు బండి ఆపాను. సంచి చంకన పెట్టుకుని అరుగు మీద సిద్ధంగా కూర్చుని ఉంది.

"ఎవరు బాగుచేసినారు బండిని?" అని అడిగింది.

"నేనే అవ్వా."

"నువ్వా?" సంచి పట్టుకుని లేచింది. "అయితే ఎక్కుతా. వేరేవాళ్ళు చేసింటే భయపడేదాన్ని."

ఘాట్ మొదలవగానే మా ఆయన ముల్లు మీదనుంచి చూపు తిప్పలేదు. "సగం... సగమే... కొంచెం పైన" అని నాకు చెప్తూనే ఉన్నాడు. రెండో గేరులో, తొందరపడకుండా, ముందున్న లారీని దాటే ప్రయత్నం చేయకుండా ఎక్కించాను. వెదురు పొద దగ్గర ఆయన గొంతు తగ్గింది. "ఇక్కడ ఒకసారి ఆపుదామా?"

"ఎందుకు?"

నేను ఆపలేదు. పైకెక్కాక దిగుడులో ముల్లు తనంతట తనే కిందికి వచ్చింది. గాజులపల్లె దాటాక అవ్వ నిద్రపోయింది.

మర్నాడు ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఆ మరుసటి రోజు కట్టు విప్పి, నల్లకళ్ళద్దాలు పెట్టి పంపించారు. తిరుగు దారిలో అవ్వ కిటికీ పక్కన కూర్చుని అడవంతా చూస్తూ వచ్చింది. ఇంటి దగ్గర దిగాక నా చేతులు పట్టుకుని దగ్గరగా చూసింది. గోళ్ళ సందుల్లో నల్లటి మడ్డి ఇంకా వదల్లేదు. "సబ్బుతో పోదు బిడ్డా. కిరసనాయిలు రుద్దు" అంది.

వారం తర్వాత నేనే మెకానిక్ దుకాణానికి వెళ్ళాను. గెలిచానని చూపించడానికి కాదు. హ్యాండ్ బ్రేక్ కేబులు కావాలి. ఆయన బండి చుట్టూ తిరిగి, ఇంజను స్టార్ట్ చేయించి, పైగొట్టం పట్టుకుని చూశాడు.

"గ్యాస్కెట్ మార్చినారా?"

"లేదన్నా. థర్మోస్టాట్. ఉప్పు పట్టింది."

ఆయన చెయ్యి తీసి గుడ్డకు తుడుచుకున్నాడు. "నేను చూడకుండా చెప్పినాను" అన్నాడు. అంత సూటిగా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. ఆ మాటతో ఆయన మీద నా గౌరవం పెరిగింది. కేబులు తనే మారుస్తానన్నాడు. వద్దు, నేనే వేసుకుంటానంటే, అది ఎక్కడ చిక్కుకుంటుందో, దాన్ని ఏ వైపునుంచి లాగాలో పావుగంట చూపించాడు.

ఆ తర్వాత బ్రేకు షూలు మార్చాను, కార్బొరేటర్ కడిగాను, మడ్‌గార్డ్‌కు తుప్పు పట్టిన చోట రేకు అతికి రంగు వేశాను. రంగు సరిగా కలవలేదు, దూరంనుంచి కూడా తెలుస్తుంది. మొన్న వేసవిలో గేరుబాక్సు మొరాయిస్తే మాత్రం విప్పలేదు. అది నా చేతికి ఇంకా రాని పని. తిన్నగా మెకానిక్ దగ్గరికే తోలుకుపోయి, ఆయన విప్పుతుంటే పక్కన స్టూలు వేసుకుని సాయంత్రందాకా చూశాను. ఆయన ఒక్కో ముక్క తీసి, "ఇది ఏందో చెప్పు" అని అడుగుతూ వచ్చాడు. పదింటిలో ఆరు చెప్పాను.