కూలి లేని బరువు

1979లో వరంగల్ స్టేషన్ దగ్గర నాకు చిన్న వడ్రంగి దుకాణం ఉండేది. తలుపులు, కిటికీలు, మంచాలు చేసేవాణ్ణి. సిలువ చేసిపెట్టమని అడిగిన మొదటి మనిషి దానియేలు తాత.

తాత ధాన్యం మార్కెట్‌లో నలభై ఏళ్లు హమాలీ. బస్తాలు మోసి మోసి కుడి భుజం పాడైంది, ఆ చెయ్యి తలదాకా లేచేది కాదు. గుడ్ ఫ్రైడే నాడు వాళ్ల చర్చి ఊరేగింపులో ఏటా పడుచువాళ్లు మోసే సిలువను ఈసారి తానే మోస్తానని పాస్టరుగారిని ఒప్పించాడట. వచ్చే ఏడాదికి కాళ్లు సహకరిస్తాయన్న నమ్మకం లేదన్నాడు. ఎనిమిదడుగుల నల్లమద్ది సిలువ కావాలన్నాడు.

మద్ది ఎంత బరువో నాకు తెలుసు. అరమైలు మోస్తే ఈ ముసలాయన పడిపోతాడని భయమేసింది. అందుకని లోపల సన్నటి ఫ్రేము కట్టి, పైన ప్లైవుడ్ కొట్టి, మద్ది రంగు పాలిష్ పట్టించాను. చూస్తే నిండు దూలమే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తాత వచ్చి ఎడమచేత్తో లేపాడు. బస్తా ముట్టుకుని తూకం చెప్పగల మనిషిని నేనా మోసం చేసేది? ఆయన కోప్పడలేదు. దాన్ని గోడకు ఆనించి స్టూలు మీద కూర్చున్నాడు.

"బిడ్డా, జిందగంత కూలికి మోసిన. సిలువ మీదాయన నా బరువు కూలి లేకుండ మోసిండు. ఒక్కపారన్న నేను గట్ల మొయ్యాలె. డొల్లది మోస్తె ఆయన ముంగట నాకు సిగ్గయితది."

నేను దేవుడి గురించి పెద్దగా ఆలోచించేవాణ్ణి కాదు. ఆ మాటకు మాత్రం తల దించుకున్నాను. రెండు రోజులు కూర్చుని అసలు మద్దితోనే మళ్లీ చేశాను. దూలాలు కలిసే చోట రెండింటినీ సగం మందం చెక్కి, ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టాను. దాన్ని హాఫ్ లాప్ అంటాం.

శుక్రవారం దుకాణం మూసి ఊరేగింపు వెంట నడిచాను. ఎండ మండిపోతోంది. తాత ఎడమ భుజం మీద సిలువ మోస్తూ ఒక్కచోట కూడా ఆగలేదు. చర్చి గేటు కనబడుతుండగా ఆయన మోకాళ్లు వంగాయి. సిలువ అందుకోవడానికి ఇద్దరు ఉరికొచ్చారు. తాత వద్దని తలూపాడు. మార్కెట్‌లో హమాలీల పద్ధతి నేను చూశాను. ఒకడు తూలితే బస్తా లాక్కోరు, ఇంకొకడు వెనక నుంచి భుజం ఇస్తాడు. నేను జనంలోంచి దూరి, నేల మీద ఈడుస్తున్న సిలువ కొసను భుజానికెత్తుకున్నాను.

తాత వెనక్కి తిరగకుండానే ఎవరని అడిగాడు.

"వడ్లాయనను తాతా."

"అయితె నడువు బిడ్డా."

గేటు దాకా నడిచాం. నా భుజం తోలు లేచిపోయింది. దయ అంటే ఎదుటివాడి బరువు తగ్గించడమేనని అంతవరకు అనుకునేవాణ్ణి. తాత ప్రేమతో ఎత్తుకున్నదాన్ని డొల్ల చేయడానికి నేనెవరిని? చేతనైతే దాని కింద భుజం పెట్టాలి, అంతే. ఇన్నేళ్ల పనిలో నేను చేసి, నేనే మోసిన వస్తువు అదొక్కటే.